ఐసీయూలో దీర్ఘ విషమస్థితి: ఎంతమందిలో?

ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌లో చేరే పెద్దవాళ్లలో ఎక్కువమంది రెండు మూడు రోజుల్లోనే ఏదో ఒక దారిన బయటికి వస్తారు. ఆపరేషన్ తర్వాత కనిపెట్టి ఉండటానికి తెచ్చినవాళ్లు మర్నాటికే వార్డుకు వెళ్తారు. షాక్‌తోనో గుండెపోటుతోనో వచ్చినవాళ్లు తేరుకోవడమో, చనిపోవడమో తొందరగానే తేలిపోతుంది. ఈ రెండు దారుల్లోనూ పడకుండా కొందరు మిగులుతారు. వాళ్లను ఐసీయూకు తెచ్చిన ప్రమాదం గట్టెక్కుతుంది, కానీ వెంటిలేటర్ తీయడం కుదరదు, బీపీ నిలబడదు, ఒక ఇన్‌ఫెక్షన్ తగ్గేసరికి ఇంకొకటి తగులుకుంటుంది. ఇలా వారాల తరబడి అవయవాలకు యంత్రాల సాయం అవసరమయ్యే స్థితిని ఇక్కడ దీర్ఘ విషమస్థితి అంటున్నాం. వైద్య సాహిత్యంలో క్రానిక్ క్రిటికల్ ఇల్‌నెస్, పర్సిస్టెంట్ క్రిటికల్ ఇల్‌నెస్ అనే పేర్లు రెండూ వాడుకలో ఉన్నాయి. వాటి కొలతలు మాత్రం వేరు. ఐసీయూలో చేరిన ప్రతి వందమందిలో ఇలాంటివాళ్లు ఎందరు అన్న ప్రశ్నకు ప్రచురితమైన జవాబులు నాలుగున్నర శాతం నుంచి మూడో వంతు దాకా ఉన్నాయి. రోగుల శరీరాలు దేశానికో రకంగా ఉండబట్టి ఇంత తేడా వచ్చిందని అనుకోవడానికి లేదు. ఎవరిని ఐసీయూలో చేర్చుకుంటారు, ఎన్నో రోజున గీత గీస్తారు, ఆ గీతకు ముందే ఎవరు ఎలా వెళ్లిపోతారు అన్న మూడు విషయాలే ఈ శాతాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి. ఈ మూడూ చెప్పకుండా ఇచ్చిన శాతం మనల్ని పక్కదారి పట్టిస్తుంది. దేశం మారినా, నిర్వచనం మారినా కళ్లకు కట్టినట్టు కనిపించేది మరొకటుంది: ఈ కొద్దిమంది ఆక్రమించే పడకల వాటా. ఈ సమస్య ఎంత పెద్దదో చెప్పాలంటే ముందుగా చూడవలసింది ఆ వాటానే.

ఇది ఈమధ్య పుట్టుకొచ్చిన సమస్య అనుకోవడం సరికాదు. 1952లో కోపెన్‌హాగెన్ నగరంలో పోలియో విజృంభించి, శ్వాస కండరాలు చచ్చుబడిన రోగులతో బ్లెగ్‌డామ్ ఆసుపత్రి నిండిపోయింది. మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ అప్పుడు గొంతుకు రంధ్రం చేసి, అందులో గొట్టం పెట్టి, చేత్తో గాలి కొట్టించే పద్ధతి ప్రవేశపెట్టాడు. వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు రోగుల తలల దగ్గర కూర్చుని ఆ రబ్బరు సంచులు నొక్కారు. కొందరికి ఆ సాయం వారాలు, నెలలు కావలసివచ్చింది. అంటే ఇంటెన్సివ్ కేర్ పుట్టుకలోనే దీర్ఘకాలం ఉండే రోగి ఉన్నాడు. తర్వాతి దశాబ్దాల్లో ఐసీయూల స్వభావం మారింది. పెద్ద ఆపరేషన్లు, సెప్సిస్, గుండెజబ్బులు, రోడ్డు ప్రమాదాలు వాటిని నింపాయి. వెంటిలేటర్లు, డయాలిసిస్, యాంటీబయాటిక్స్ మెరుగుపడేకొద్దీ మొదటి వారం దాటి బతికేవాళ్లు పెరిగారు. ఆ బతికినవాళ్లలో కొందరు కోలుకోలేదు, చనిపోనూ లేదు. 1985లో అమెరికా వైద్యులు గిరార్డ్, రఫిన్ ఈ రోగులను క్రానికల్లీ క్రిటికల్లీ ఇల్ అని పిలిచి, వీళ్లను కాపాడుతూ పోవాలా, పోనివ్వాలా అని సూటిగా అడిగారు. ఎంతమంది ఉన్నారో సరిగ్గా లెక్క తేలకముందే ఆ నైతిక ప్రశ్న వచ్చిపడింది. లెక్కపెట్టే పని ఊపందుకోవడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ఇంతవరకు జరిగిన లెక్కల్లో బాగా ఉపయోగపడేది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగింది. అక్కడి 182 ఐసీయూల్లో 2000 నుంచి 2014 దాకా చేరిన 10,28,235 మంది రికార్డులను థియోడోర్ ఇవాషినా, ఆయన సహచరులు పరిశీలించి 2016లో ప్రచురించారు. ఫలానా రోజు అని ముందే గీత గీసుకోకుండా వాళ్లు దాన్ని లెక్కల్లోంచే తీశారు. చేరిన రోజున రోగి చావుబతుకుల్ని బాగా అంచనా కట్టగలిగేవి జబ్బు పేరు, రక్తపోటు, ఆక్సిజన్, కిడ్నీ పరీక్షల వంటి తక్షణ వివరాలు. రోజులు గడిచేకొద్దీ వాటి బలం తగ్గిపోతుంది. ఒక దశ వచ్చేసరికి రోగి ఐసీయూ గడప తొక్కకముందు నుంచీ ఉన్న వివరాలు, అంటే వయసు, ఆడా మగా అన్నది, పాత జబ్బులు, అంతే బాగా అంచనా కట్టగలుగుతాయి. రోగిని ఐసీయూకు తెచ్చిన జబ్బు కన్నా ఐసీయూలో పడి ఉండటమే ఇప్పుడతని అసలు జబ్బు అయిందని దాని భావం. మొత్తం మీద ఆ దశ పదో రోజు దగ్గర తేలింది. పదో రోజు దాటి ఐసీయూలో ఉన్నవాళ్లు 51,509 మంది, అంటే 5.0 శాతం. వినడానికి ఇది చిన్న సంఖ్యే. కానీ మొత్తం 31,38,432 ఐసీయూ పడక-రోజుల్లో వీళ్లు వాడుకున్నవి 10,29,345, అంటే 32.8 శాతం. దీన్ని విడదీసి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మిగిలిన తొంభై ఐదు శాతం మంది సగటున రెండు రోజులు దాటి కొద్దిగా ఉండి వెళ్లిపోయారు. ఈ ఐదు శాతం మంది సగటున ఇరవై రోజులు ఉన్నారు. వందమంది చేరితే తొంభై ఐదుగురికి కలిపి సుమారు 205 పడక-రోజులు, ఐదుగురికి 100. ఆ ఐసీయూల్లో ఏ రోజు వెళ్లి చూసినా ప్రతి మూడు పడకల్లో ఒకదానిమీద దీర్ఘకాల రోగే కనిపిస్తాడు. చేరికల రిజిస్టర్ చూసే అధికారికి ఇరవైమందిలో ఒక్కడు, పడకల పక్కన డ్యూటీ చేసే నర్సుకు ముగ్గురిలో ఒకరు. రెండు లెక్కలూ నిజమే. ఎంతమందిని నియమించాలి, ఎన్ని పడకలు కట్టాలి అన్న విషయాల్లో మాత్రం నర్సు చూస్తున్నదే పనికొచ్చే లెక్క.

అమెరికాలో ఎంచుకున్న దారి వేరు. జెరెమీ కాన్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఐసీయూలో కనీసం ఎనిమిది రోజులు ఉండి, వాటితోపాటు ఆరు పరిస్థితుల్లో ఏదో ఒకటి ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకున్నారు. దీర్ఘకాలం వెంటిలేటర్, గొంతుకు రంధ్రం చేసే ట్రకియాస్టమీ, పక్షవాతం, తలకు బలమైన గాయం, సెప్సిస్, తీవ్రమైన పుండ్లు అనేవి ఆ ఆరు. ఐదు రాష్ట్రాల్లో 2004 నుంచి 2009 వరకు జరిగిన 32,35,741 ఐసీయూ చేరికల్లో 2,46,151, అంటే 7.6 శాతం ఈ నిర్వచనంలోకి వచ్చాయి. వీళ్లలో 30.9 శాతం మంది ఆసుపత్రిలోనే చనిపోయారు. దీన్ని దేశం మొత్తానికి వర్తింపజేస్తే 2009లో సుమారు 3,80,000 కేసులు, 26 బిలియన్ డాలర్ల ఆసుపత్రి ఖర్చు అని అంచనా కట్టారు. ఇదే నిర్వచనంతో జపాన్ పరిశోధకులు 2011 నుంచి 2018 వరకు దేశవ్యాప్తంగా జరిగిన దాదాపు 24 లక్షల ఐసీయూ చేరికలు చూస్తే 9.0 శాతం వచ్చింది, ఆసుపత్రి మరణాలు 28.6 శాతం. రెండు దేశాల్లోనూ కేసుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు దీర్ఘకాలం వెంటిలేటర్ మీద ఉన్నవే. నిర్వచనం ఒకటే అయినప్పుడు సముద్రాలకు అటూ ఇటూ ఉన్న రెండు దేశాల సంఖ్యలు ఇంత దగ్గరగా రావడం గమనించదగ్గది. ఐసీయూ చేరికలతో కాకుండా జనాభాతో భాగిస్తే లక్షకు అమెరికాలో 34.4, జపాన్‌లో 42.0. అమెరికాలో 75 నుంచి 79 ఏళ్ల వాళ్లలో ఇది లక్షకు 82.1కి ఎక్కింది, జపాన్‌లో 85 దాటినవాళ్లలో వందకు పైనే. వృద్ధుల జనాభా పెరిగే ప్రతి సమాజంలోనూ ఈ రోగులు పెరుగుతారని చెప్పడానికి ఇంతకంటే వేరే ఆధారం అక్కర్లేదు.

నిర్వచనం ఎంత పని చేస్తుందో స్కాట్లండ్ ఒక్కటీ చాలు చెప్పడానికి. అక్కడి లోథియన్ ప్రాంతం మీద లోన్, వాల్ష్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, 2005లో నిపుణుల సమావేశం ఖరారు చేసిన కొలతను పట్టుకున్నారు: వరసగా 21 రోజులు, రోజుకు కనీసం ఆరు గంటలు వెంటిలేటర్ అవసరం కావడం. ఆ కొలతకు ప్రతి వంద ఐసీయూ చేరికల్లో 4.4 మాత్రమే తూగాయి. ఆ కొద్దిమంది 29.1 శాతం పడక-రోజులు వాడుకున్నారు, 40.3 శాతం మంది ఆసుపత్రిలో చనిపోయారు. తర్వాత 2005 నుంచి 2014 వరకు దేశం మొత్తంలో డెబ్బై వేలకు పైగా రోగులను ఇవాషినా పద్ధతిలో పరిశీలించినప్పుడు, ఆ మలుపు పదో రోజున కాక ఐదో రోజునే కనిపించింది. ఐదో రోజు దాటినవాళ్లు చేరినవాళ్లలో దాదాపు మూడో వంతు ఉన్నారు. ఒకే చిన్న దేశం, ఒకే ఆరోగ్య వ్యవస్థ. శాతం మాత్రం ఏడు రెట్లు పెరిగింది. కెనడాలోని అల్బర్టాలో అదే పద్ధతి వాడితే మలుపు తొమ్మిదో రోజున వచ్చింది, దాన్ని దాటినవాళ్లు సుమారు 16 శాతం. ఆస్ట్రేలియాలో కూడా జబ్బుల వారీగా రోగులను విడగొడితే ఆ మలుపు కొన్ని గుంపుల్లో ఏడో రోజున, కొన్నింటిలో ఇరవై రెండో రోజున కనిపించింది.

ఒకే పద్ధతికి ఆస్ట్రేలియాలో ఐదు, కెనడాలో పదహారు, స్కాట్లండ్‌లో ముప్ఫైకి పైన ఎందుకొచ్చాయి? ముందుగా చూడాల్సింది హారాన్ని. ఈ శతాబ్దం తొలి దశకంలో జరిగిన ఒక పోలిక ప్రకారం పెద్దల ఐసీయూ పడకలు లక్ష జనాభాకు బ్రిటన్‌లో మూడు పైచిలుకు ఉంటే, జర్మనీలో ఇరవై నాలుగు దాకా ఉన్నాయి; అమెరికా కూడా జర్మనీ పక్కనే నిలుస్తుంది. పడకలు ఎక్కువున్నచోట, ఆపరేషన్ తర్వాత ఒక్క రాత్రి గమనించి పంపేవాళ్లను కూడా ఐసీయూలో చేరుస్తారు. వాళ్లంతా హారంలోకి వచ్చి చేరతారు కనుక దీర్ఘకాల రోగుల శాతం పలచబడుతుంది. పడకలు కరువైనచోట వెంటిలేటర్ తప్పదనుకున్నవాళ్లకే చోటు దొరుకుతుంది, దాంతో అదే సంఖ్యలో ఉన్న దీర్ఘకాల రోగులు పెద్ద శాతంగా కనిపిస్తారు. అందుకే స్కాట్లండ్‌లో మూడో వంతు వచ్చిందని విని అక్కడి ఐసీయూలు సరిగా పని చేయవనుకోవడం ఎంత పొరపాటో, ఆస్ట్రేలియాలో ఐదు శాతమేనని విని అక్కడి వైద్యం గొప్పదనుకోవడమూ అంతే పొరపాటు. జనాభాతో భాగించే లెక్కకు ఈ దోషం తక్కువ. పడక-రోజుల లెక్కకు కూడా తక్కువే, ఎందుకంటే ఒక్క రాత్రికి వచ్చినవాళ్లు తలలు ఎక్కువైనా రోజులు ఎక్కువ కలపలేరు.

అలాంటప్పుడు లోకమంతా ఒక రోజును, ఏ పదో రోజునో, ఖాయం చేసుకుంటే సరిపోదా అని అడగవచ్చు. పరిశోధనకు అది మేలే. పోల్చుకోవడానికి ఏదో ఒక కొలబద్ద ఉండాలి. కానీ పదో రోజు అన్నది లక్షల మంది గుంపు మీద తేలిన సగటు సంగతి. తలకు గాయమైన యువకుడికీ, పెద్ద పేగు ఆపరేషన్ తర్వాత సెప్సిస్ వచ్చిన డెబ్బై ఏళ్ల స్త్రీకీ ఆ మలుపు ఒకేరోజున రాదు. గణాంకాలు తెలిసినవాళ్లు ఇంకా లోతైన అభ్యంతరం ఒకటి లేవనెత్తుతారు: మరీ విషమంగా వచ్చినవాళ్లు ముందే చనిపోతారు, తేలికగా ఉన్నవాళ్లు ముందే వెళ్లిపోతారు, మిగిలినవాళ్లంతా ఇంచుమించు ఒకే రకంవాళ్లు కనుక మొదటిరోజు కొలతలు వాళ్లను వేరుచేయలేకపోవడంలో వింతేముంది, దీన్ని కొత్త జబ్బుగా చూపడం లెక్కలు చేసే మాయ కదా అని. ఈ అభ్యంతరంలో కొంత నిజముంది, దాన్ని ఒప్పుకోవాలి. ఏ పద్ధతిలో లెక్కపెట్టినా దీర్ఘకాల రోగులు వడపోత తర్వాత మిగిలినవాళ్లే. అయితే మొత్తం లెక్కల మాయే అయితే పదో రోజు రోగి శరీరంలో, మొదటిరోజు శరీరంతో పోలిస్తే, కొత్తగా ఏమీ కనబడకూడదు. కనబడుతున్నది మాత్రం చాలా ఉంది.

జుడిన్ పుతుచేరి బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో 63 మంది ఐసీయూ రోగుల తొడ ముందుభాగపు కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచింది. పదిరోజుల్లో ఆ కండరం అడ్డుకోత వైశాల్యం సగటున 17.7 శాతం తగ్గిపోయింది; ఎన్ని ఎక్కువ అవయవాలు దెబ్బతింటే అంత ఎక్కువ తరిగింది. నరాలూ కండరాలూ ఇలా బలహీనపడ్డ రోగికి ఊపిరితిత్తులు బాగుపడినా, వెంటిలేటర్ తీసి, సొంతంగా ఊపిరి తీసుకోవడానికి టీ-పీస్ గొట్టం మీద పెట్టిన అరగంటకే ఆయాసం మొదలవుతుంది, మళ్లీ యంత్రానికి కలపాల్సి వస్తుంది. గ్రీట్ వాన్ డెన్ బెర్గె 1990ల నుంచి చేసిన పరిశోధనలు, విషమస్థితి మొదటి రోజుల్లో పిట్యూటరీ హార్మోన్లు ఒక రకంగా, వారాల తర్వాత పూర్తిగా మరో రకంగా నడుస్తాయని చూపాయి. రోగనిరోధకశక్తి తగ్గి, వాపు మాత్రం ఆరకుండా కొనసాగుతూ, తిండి ముక్కు గొట్టం గుండా ఎంత పెట్టినా ఒంటికి పట్టకుండా కండ కరిగిపోయే దశను 2012లో అమెరికా సర్జన్లు వేరే సిండ్రోమ్‌గా వర్ణించారు. పడక దగ్గర ఇది ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. రెండేసి గంటలకోసారి ఒత్తిగిలించినా పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడి పుండు పడుతుంది, రాత్రీ పగలూ తేడా తెలియక రోగి కలవరిస్తాడు, గొంతులో గొట్టం ఉండటం వల్ల చెప్పాలనుకున్నది పెదవుల కదలికలో మిగిలిపోతుంది. దీర్ఘ విషమస్థితిని విడిగా లెక్కపెట్టాలనడానికి గణితం కన్నా బలమైన కారణం ఇదే: ఈ రోగికి కావలసింది మొదటిరోజు రోగికి కావలసిన వైద్యం కన్నా వేరు.

తెలుగువాళ్లంతా రోజూ బులెటిన్ల కోసం ఎదురుచూసిన ఒక సంఘటనలో ఈ మలుపు స్పష్టంగా కనబడింది. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020 ఆగస్టు 5న కోవిడ్‌తో చెన్నైలో ఆసుపత్రిలో చేరారు. ఆ నెల మధ్యకు పరిస్థితి విషమించి వెంటిలేటర్ మీద, ఆపైన రక్తంలోకి ఆక్సిజన్ ఎక్కించే ఎక్మో యంత్రం మీద ఉంచారు. సెప్టెంబరు 7న కోవిడ్ నెగెటివ్ వచ్చిందని కుమారుడు చరణ్ తెలిపారు. అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. ఇక ఇంటికి రావడమే తరువాయి అనుకున్నారు. సెప్టెంబరు 25న ఆయన కన్నుమూశారు. తెచ్చిన జబ్బు పోయినా విషమస్థితి పోకపోవడం అంటే ఏమిటో ఆ పద్దెనిమిది రోజుల్లో లక్షలమందికి అర్థమైంది. కోవిడ్ కాలంలో ఐసీయూల్లో నెలల తరబడి ఉన్న వేలమందిలో చాలామంది ఈ దారినే నడిచారు. అప్పటికి వైద్య పత్రికలకే పరిమితమై ఉన్న ఈ స్థితి ఇళ్లలో మాటల్లోకి వచ్చింది.

ఎంతమంది అన్నది తెలిస్తే చాలదు, ఆ తర్వాత ఏమవుతారన్నదీ చూడాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పదో రోజు దాటిన వాళ్లలో 24.5 శాతం మంది ఆసుపత్రిలో చనిపోయారు, ఇంటికే నేరుగా వెళ్లగలిగినవాళ్లు 46.5 శాతం. దీర్ఘకాలం వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల గురించి పదహారు దేశాల అధ్యయనాలను కలిపి 2015లో చేసిన విశ్లేషణలో ఏడాది లోపు మరణాలు 59 శాతం. అమెరికాలో ఒకే కేంద్రంలో 126 మందిని ఏడాదిపాటు వెంబడించిన అధ్యయనంలో, ఎవరిమీదా ఆధారపడకుండా బతుకుతున్నవాళ్లు పదకొండు మందే తేలారు. అదే రోగుల గురించి ముందే అడిగినప్పుడు కుటుంబ సభ్యుల్లో 93 శాతం మంది తమవాళ్లు ఏడాది తర్వాత బతికి ఉంటారని గట్టిగా నమ్మారు. డాక్టర్లలో అలా అన్నవాళ్లు 43 శాతం. ఈ అంతరం నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో మనసును అన్నిటికంటే కలవరపెట్టేది. డాక్టరుకూ కుటుంబానికీ మధ్య నిజమైన సంభాషణ జరగలేదని అది చెబుతోంది. ఇదంతా చూసి, అయితే పదో రోజు తర్వాత వైద్యం వృథా కదా అనేవాళ్లు ఉన్నారు. ఆ వాదన నిలవదు. సగటు ఒక మనిషి తీర్పు కాలేదు. కట్లపాము కాటుకు ఊపిరి కండరాలు పడిపోయినవాళ్లు, పురుగుమందు తాగిన రెండు మూడు రోజులకు మెడ, శ్వాస కండరాలు నీరసించి వెంటిలేటర్ మీదికి వచ్చినవాళ్లు, గియాన్-బారే సిండ్రోమ్‌తో కాళ్లు చేతులు కదపలేనివాళ్లు తెలుగు జిల్లాల ఐసీయూలకు వస్తూనే ఉంటారు. వీళ్లు ఎక్కువగా పడుచువాళ్లు. ఇన్‌ఫెక్షన్లు దరిచేరకుండా చూసుకుంటూ వారాల తరబడి ఊపిరి అందిస్తే నడిచి ఇంటికి వెళ్లే అవకాశం వీళ్లలో చాలామందికి ఉంటుంది. ఎనభై ఏళ్ల వయసులో, పాత గుండెజబ్బు మీద సెప్సిస్ వచ్చి ఇరవై రోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. దీర్ఘ విషమస్థితి అని ఒకే పేరు కింద ఈ ఇద్దరినీ వేసి, సగటు మరణాల శాతం చూపి నిర్ణయం తీసుకోవడం అన్యాయం.

శాతాన్ని తయారుచేసే మూడో శక్తి, గీతకు ముందే జరిగే నిష్క్రమణ. పదో రోజుకు ముందే చనిపోయినవాడు దీర్ఘకాల రోగి కాలేడు. ఐరోపాలో ఉత్తరాది దేశాల్లో ప్రయోజనం లేదని తేలిన వైద్యానికి తొందరగా హద్దు పెడతారు, దక్షిణాది దేశాల్లో అంత తొందరపడరు. ఆ తేడా ఐసీయూ పడకల మీద కనిపిస్తుంది. అమెరికాలో వెంటిలేటర్ మీదున్న రోగినే దీర్ఘకాల అక్యూట్ కేర్ ఆసుపత్రులకు తరలిస్తారు; అలాంటి ఆసుపత్రులు 1997లో 192 ఉంటే 2006కి 408 అయ్యాయి. అక్కడి ఐసీయూ లెక్క నుంచి రోగి తప్పుకుంటాడు, జబ్బు నుంచి కాదు. మన దగ్గర మూడో దారి ఉంది. రోజుకింతని బిల్లు పెరుగుతూ, అప్పులు తీరే దారి కనబడక, అయిదో రోజునో ఏడో రోజునో కుటుంబం సంతకం పెట్టి రోగిని తీసుకుపోతుంది. ఆసుపత్రి సిబ్బంది నోట్లో అది లామా, అంటే వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్లడం. కొందరు గొంతులో గొట్టంతో, చేత్తో నొక్కే అంబు బ్యాగుతో అంబులెన్స్ ఎక్కుతారు. రికార్డులో అది డిశ్చార్జి. ఐసీయూ మరణాల్లోనూ కలవదు, దీర్ఘ విషమస్థితి లెక్కలోనూ కలవదు. వైద్యానికి హద్దు పెట్టడానికి చట్టం దారి సరిగా లేకపోవడం కూడా ఈ దారిని విశాలం చేసింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు జీవిత చరమాంక వీలునామాను, ప్రాణాధార వైద్యం ఆపడాన్ని అనుమతించినా, పద్ధతి చాలా చిక్కుగా ఉండి వాడుకలోకి రాలేదు. 2023 జనవరిలో దాన్ని కొంత సులభం చేశారు. ఏ దేశంలో దీర్ఘ విషమస్థితి శాతం తక్కువగా కనిపించినా, అది వైద్యం బాగుండి తగ్గిందా, డబ్బు లేక తగ్గిందా అని ముందు అడగాలి.

మన దేశంలో ఐసీయూల స్వరూపాన్ని చూపిన పెద్ద ప్రయత్నం ఇండికాప్స్. 2010 జులై నుంచి 2011 ఏప్రిల్ మధ్య ఎంచుకున్న నాలుగు రోజుల్లో, వందకు పైగా ఐసీయూల్లో ఉన్న నాలుగు వేలకు పైచిలుకు రోగుల వివరాలు సేకరించారు. అది విలువైన పని. అయితే ఒక రోజున పడకల మీద ఉన్నవాళ్లను లెక్కపెట్టే ఇలాంటి సర్వేను, ఏడాది పొడవునా చేరినవాళ్లను లెక్కపెట్టే అధ్యయనాలతో పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఆస్ట్రేలియా ఐసీయూల్లోనే ఒక రోజు సర్వే చేసి ఉంటే దీర్ఘకాల రోగులు ఐదు శాతంగా కాక ముప్ఫై శాతం దగ్గర కనిపించేవాళ్లు. అక్కడ ఎవరూ కొత్తగా జబ్బుపడి ఉండరు, లెక్కపెట్టే పద్ధతి మారి ఉంటుంది. పత్రికల్లో, సదస్సుల్లో ఈ రెండు రకాల సంఖ్యలనూ కలిపేసి చెప్పడం తరచుగా చూస్తాం.

2019లో మొదలైన ఇండియన్ రిజిస్ట్రీ ఆఫ్ ఇంటెన్సివ్ కేర్ వంటి వ్యవస్థలు ఈ గందరగోళాన్ని తీర్చగలవు, నమోదు చేసే గళ్లు సరిగా ఉంటే. చేరిన తేదీ, వెళ్లిన తేదీ రాసి ఊరుకుంటే సరిపోదు. ఎనిమిదో రోజున, పదో రోజున, ఇరవై ఒకటో రోజున ఏ అవయవానికి ఏ యంత్రం సాయం ఇస్తోందో రాయాలి; అప్పుడు అమెరికా కొలత, ఆస్ట్రేలియా కొలత, లోథియన్ కొలత మూడింటితోనూ మన లెక్క తీయవచ్చు. వెళ్లినవాడు ఇంటికి వెళ్లాడా, వేరే ఆసుపత్రికా, లామాలోనా అన్నది డిశ్చార్జి అనే ఒక్క మాట కింద కప్పకుండా విడిగా రాయాలి. లామా వాళ్లకు వారం తర్వాత ఒక ఫోన్ చేస్తే చాలు, మరణాల లెక్క ఎంత మారుతుందో తేలిపోతుంది. ఆరు నెలల తర్వాత రోగి సొంతంగా తినగలుగుతున్నాడా, నడవగలుగుతున్నాడా అన్న రెండు ప్రశ్నలకైనా జవాబు ఉండాలి. పడకల వాటా తేలిన ఆసుపత్రికి నియామకాలు కూడా అక్కడి నుంచే మొదలవుతాయి. పన్నెండు పడకల ఐసీయూలో మూడో వంతు అంటే నాలుగు పడకలు. ఆ నాలుగింటికీ రోజూ కాళ్లు చేతులు కదిలించి కూర్చోబెట్టే ఫిజియోథెరపిస్టు, మింగడం మళ్లీ నేర్పేవాళ్లు, పుండ్లు పడకుండా చూసే నర్సు, కుటుంబంతో వారానికొకసారైనా కూర్చుని నిజం చెప్పే సీనియర్ డాక్టరు కావాలి. తొలి రెండు రోజుల ప్రమాదం చుట్టూ అమర్చిన ఐసీయూ డ్యూటీ చార్టులో వీళ్లలో ఎక్కువమందికి ఇప్పటికీ చోటు లేదు.